ఒకే రహదారి, రెండు వాతావరణాలు: మంచు మీద టైరుకు పట్టు ఎందుకు తప్పుతుంది?

సంక్షిప్తంగా: గడ్డకట్టిన మంచు మీద కారు ఆగుతుందా, జారుతుందా అన్నది ప్రధానంగా నేలకు ఆనిన రబ్బరు మీద ఆధారపడుతుంది. ఇంజిన్ బలం, నాలుగు చక్రాల డ్రైవు, ఏబీఎస్ (చక్రం బిగిసిపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఆ తర్వాతివే. ఎండలకు తగ్గట్టు తయారైన టైరు చలిలో గట్టిపడుతుంది, దాని గాడులు మంచును పట్టుకోలేవు. చలికాలపు టైరు ఈ రెండు లోపాలనూ చాలావరకు పూడుస్తుంది గానీ, మంచుగడ్డను పొడి రోడ్డుతో సమానం చేయలేదు.

ఏటా డిసెంబరు మొదలు ఫిబ్రవరి దాకా హిమాచల్ ప్రదేశ్‌లోని సోలంగ్ లోయ, అటల్ సొరంగం పరిసరాల్లో కార్లు మంచు మీద జారుతూ ఒకదాన్నొకటి గుద్దుకునే దృశ్యాలు టీవీల్లోనూ ఫోన్లలోనూ తిరుగుతుంటాయి. 2020 అక్టోబరులో ఆ సొరంగం తెరుచుకున్నాక, సొంత కారులో నేరుగా మంచు దాకా వెళ్లడం తేలికైంది. ఆ దృశ్యాలు చూసిన వారిని తికమక పెట్టేది ఒకే విషయం. కారు కొత్తది, డ్రైవరు కాలు బ్రేకు మీదే ఉంది, చక్రాలు తిరగడం కూడా లేదు. అయినా బండి పల్లానికి నెమ్మదిగా జారిపోతూనే ఉంటుంది. బ్రేకు ఫెయిలైందని కొందరు, డ్రైవరుకు చేతకాలేదని కొందరు అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో ఆ రెండూ కారణాలు కావు.

ఈ సంగతి రాయలసీమకు అనిపించినంత దూరమైనది కాదు. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగళూరు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్‌లో మొదలవుతుంది. కన్యాకుమారి దాకా సుమారు 3,700 కిలోమీటర్ల ఈ దారిలో, మే నెలలో కర్నూలు దగ్గర గాలి వేడి 43 డిగ్రీలు దాటిన రోజున తారు పైభాగం 60 డిగ్రీలకు పైబడుతుంది. జనవరిలో జమ్మూ కశ్మీర్‌లోని బనిహాల్ ప్రాంతంలో అదే రహదారి సున్నాకు దిగువకు పోతుంది. అనంతపురం మార్కెట్ యార్డులో చీనీకాయలు ఎక్కించుకుని ఢిల్లీ వైపు బయలుదేరే లారీ టైర్లూ, చలికాలం సెలవుల్లో కులూ మనాలీ చూడాలని బయలుదేరే కుటుంబం కారు టైర్లూ ఈ వేడి కొస కోసం తయారైనవి. చలి కొసలో అవి ఎందుకు పనికిరాకుండా పోతాయో తెలియాలంటే ముందు మంచుగడ్డ సంగతి చూడాలి.

మంచుగడ్డ జారుడు ఎక్కడి నుంచి వస్తుంది

బరువు పడితే ఒత్తిడికి మంచు కరిగి, ఆ నీటి మీద వస్తువు జారుతుందని చాలాకాలం పాఠాల్లో చెప్పుకొచ్చారు. లెక్క వేస్తే ఈ వివరణ కారుకు నిలవదు. మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ కిందికి దించాలంటే వాతావరణ పీడనానికి సుమారు 130 రెట్ల ఒత్తిడి కావాలి. పంక్చరు షాపులో 32 పాయింట్ల గాలి కొట్టించుకున్న కారు టైరు నేల మీద మోపే ఒత్తిడి వాతావరణ పీడనానికి రెండు రెట్ల పైచిలుకు మాత్రమే. దాంతో కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో యాభయ్యో వంతు కూడా తగ్గదు.

అసలు కారణాలు రెండు. మంచుగడ్డ ఉపరితలంలోని అణువులు లోపలి అణువుల్లా గట్టిగా బంధించి ఉండవు. గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దిగువన కూడా పైన అతి పలుచని, నీటిని పోలిన పొర ఉంటుంది. మైకేల్ ఫారడే 1850లోనే ఈ ఆలోచనను ముందుకు తెచ్చాడు. రెండోది రాపిడి వేడి. జారుతున్న వస్తువు తాకిన చోట పుట్టే వేడికి మంచు పైపొర కరుగుతుందని బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు 1939లో ప్రయోగాలతో చూపారు. అంటే చక్రం బిగుసుకుని జారడం మొదలుపెట్టిందంటే, తన కింద తానే నీటిని పుట్టించుకుంటూ పోతుంది. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన వాకిలిని కడిగిన వెంటనే అరిగిన చెప్పులతో అడుగు వేసినవారికి ఇది అనుభవంలో ఉన్నదే: రాయికీ చెప్పుకూ మధ్య నిలిచిన నీటి పొర పలుచనైనా చాలు, కాలు నిలవదు.

దీని నుంచి తేలే ఒక ఫలితం మామూలు ఊహకు ఎదురుగా ఉంటుంది. మైనస్ 20 డిగ్రీల చలిలో మంచుగడ్డ పొడిగా, గరుకుగా ఉండి కొంత మేర పట్టు ఇస్తుంది. సున్నాకు దగ్గరగా, పైన తడి తేలినప్పుడే అది అత్యంత ప్రమాదకరం. తెల్లవారుజామున క్షేమంగా దాటిన మలుపు, ఎండ వచ్చి పైపొర కరగడం మొదలైన వేళకు మరింత జారుడుగా మారవచ్చు. సాయంత్రం ఎండ తగ్గాక ఆ కరిగిన నీరే మళ్లీ గడ్డకట్టి, తారు రంగే కనిపించే పలుచని అద్దంలా పరుచుకుంటుంది. చూసేవారికి అది తడిసిన రోడ్డులాగే ఉంటుంది. కొండ నీడ పడే మలుపుల్లో, కింది నుంచి కూడా చలిగాలి తగిలే వంతెనల మీద ఈ పొర అన్నిచోట్లకంటే ముందు ఏర్పడుతుంది.

రబ్బరు గట్టిపడే చోటు

సుమారు 1,200 కిలోల కారుకు ఒక్కో చక్రం నేలను తాకే వైశాల్యం రమారమి 130 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేతి మేర. బండి వేగం పెరగడం, తగ్గడం, మలుపు తిరగడం అన్నీ ఆ నాలుగు చోట్ల జరిగే పని మీదే ఆధారపడి ఉన్నాయి.

అక్కడ రబ్బరు చేసే పనులు రెండు. రోడ్డు ఉపరితలానికి అణువుల స్థాయిలో అంటుకోవడం ఒకటి. రోడ్డు గరుకులోకి దిగి, దాని ఎత్తుపల్లాలకు తగ్గట్టు వంగి, ఆ వంగడంలో శక్తిని పీల్చుకోవడం మరొకటి. రెండింటికీ రబ్బరు మెత్తగా ఉండాలి. టైరు రబ్బరు ఒకే పదార్థం కాదు. సహజ రబ్బరు, కృత్రిమ రబ్బర్లు, కార్బన్ బ్లాక్, సిలికా, నూనెలు కలిసిన మిశ్రమం. ఆ పాళ్లను బట్టి, ఎంత చలిలో అది సాగే గుణం కోల్పోయి బిరుసెక్కుతుందో తేలుతుంది. వేడి ప్రాంతాలకు తయారయ్యే టైరులో, 60 డిగ్రీల తారు మీద కూడా రబ్బరు మరీ మెత్తబడి అరిగిపోకుండా పాళ్లు కుదురుస్తారు. ఆ మిశ్రమమే దాదాపు 7 డిగ్రీలకు దిగువన క్రమంగా పట్టు తగ్గించుకుంటూ వస్తుంది. ఈ 7 డిగ్రీలనేది గీత గీసినట్టు ఉండే హద్దేమీ కాదు, టైరును బట్టి అటూ ఇటూ అవుతుంది. అయితే మంచు పడకముందే, పొడి రోడ్డు మీదే, టైరు బలహీనపడటం మొదలవుతుందని గ్రహించడానికి ఆ అంకె పనికొస్తుంది.

చలికాలపు టైరు మిశ్రమంలో సిలికా వంటి పదార్థాల పాళ్లను మార్చి, సున్నాకు ఎంతో దిగువన కూడా మెత్తదనం నిలిచేలా చూస్తారు. తేడాలో సగం ఇది. మిగతా సగం టైరు ముఖం మీద, మన మెకానిక్కులు బటన్ అని పిలిచే భాగంలో ఉంటుంది. అనంతపురంలోని ఏ టైర్ల కొట్లోనైనా వేలాడే కారు టైరును దగ్గరగా చూస్తే, చుట్టూ తిరిగే మూడు నాలుగు నిలువు గాడులూ, వాటి మధ్య వెడల్పాటి గట్టి పట్టీలూ కనిపిస్తాయి. ఆ పట్టీని బొటనవేలితో నొక్కితే లొంగదు. చలికాలపు టైరులో ఆ పట్టీలు చిన్న చిన్న దిమ్మెలుగా విడిపోయి, ఒక్కో దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నని వంకర కోతలు పక్కపక్కనే ఉంటాయి. నొక్కితే కోతలు విచ్చుకుంటాయి, దిమ్మె కదులుతుంది.

ఆ కోతల పని కేవలం మెత్తదనం కాదు. మంచుగడ్డ మీదికి వచ్చినప్పుడు ప్రతి కోత అంచూ కొద్దిగా లేచి, పైనున్న నీటి పొరను గీరి తీసి, కొంత నీటిని తన సందులోకి లాక్కుంటుంది. ఆ క్షణకాలం రబ్బరు మంచుగడ్డను నేరుగా తాకుతుంది. కురిసి అణిగిన మంచు మీద జరిగేది వేరు. వానలో టైరు గాడి పని నీటిని పక్కకు తోసేయడం; మంచులో గాడి పని మంచును లోపల నిలుపుకోవడం. గాడిలో దట్టించుకున్న మంచు రోడ్డు మీది మంచుకు బిగుసుకుంటుంది, ఎందుకంటే మంచును మంచు పట్టుకున్నంత గట్టిగా రబ్బరు పట్టుకోలేదు. అందుకే చలికాలపు టైరు గాడులు లోతుగా ఉంటాయి, ఆ లోతు తగ్గితే గుణం వేగంగా పడిపోతుంది. మన దేశంలో కారు టైరు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాలి; ఆస్ట్రియాలో రేడియల్ చలికాలపు టైరుకు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలని చట్టం.

ఈ ఆలోచన మన దేశానికి కొత్త గానీ ప్రపంచానికి కాదు. ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో 1934లోనే లారీల కోసం మంచు టైరు తయారైంది, 1936లో కార్లకూ వచ్చింది. ఇప్పుడు టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండలో మంచురేకు బొమ్మ ఉంటే, నిర్ణీత మంచు పరీక్షలో అది నెగ్గిందని అర్థం. మన దగ్గర అమ్ముడయ్యే కొన్ని ఎస్‌యూవీ టైర్ల మీద కనిపించే ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలకు అంత విలువ లేదు. బురదకూ మంచుకూ తగిన నమూనాలో గాడులు ఉన్నాయని కంపెనీ చేసే ప్రకటన అది; రబ్బరు చలిలో ఎలా ఉంటుందో అది చెప్పదు. ఆ అక్షరాల మీద నమ్మకంతో ఇక్కడి నుంచి మంచులోకి బండి తీసుకెళ్లడం సరికాదు. జర్మనీ కూడా 2024 అక్టోబరు నుంచి ఆ అక్షరాలున్నంత మాత్రాన చలికాలపు టైరుగా అంగీకరించడం లేదు.

ఆగే దూరం, తిరిగే వేగం, నిలవని వాలు

పట్టును కొలిచే అంకెను ఘర్షణ గుణకం అంటారు. పొడి తారు మీద అది 0.7 నుంచి 0.9 దాకా, తడి తారు మీద 0.4 నుంచి 0.6 దాకా, అణిగిన మంచు మీద 0.2 నుంచి 0.3 దాకా, గడ్డకట్టిన మంచు మీద 0.1 దరిదాపుల్లో ఉంటుంది. పైన తడి ఉంటే ఇంకా తక్కువ.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు, బ్రేకు పట్టుకున్న క్షణం నుంచి పొడి రోడ్డు మీద (0.8) సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద (0.3) దాదాపు 33 మీటర్లు కావాలి. మంచుగడ్డ మీద (0.1) ఆ దూరం 98 మీటర్లకు చేరుతుంది. డ్రైవరు స్పందించడానికి పట్టే సమయం ఇందులో కలపలేదు. కారు బరువు కూడా ఈ లెక్కలోకి రాదు; బరువు పెరిగితే పట్టూ, ఆపాల్సిన వేగపు బలమూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి పెద్ద బండి త్వరగా ఆగుతుందన్న భరోసా ఉత్తదే. వేగం మాత్రం వర్గంగా పనిచేస్తుంది, అంటే వేగం సగమైతే ఆగే దూరం నాలుగో వంతవుతుంది. అదే మంచుగడ్డ మీద వేగం 25కు తగ్గిస్తే 98 మీటర్లు 25 మీటర్లకు దిగివస్తాయి.

మలుపులోనూ ఇదే కథ. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును పొడి రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగల కారు, మంచుగడ్డ మీద 25 దాటితే బయటి వైపుకు కొట్టుకుపోతుంది.

ఇక మొదట చెప్పిన దృశ్యం. పది మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న కొండదారిలో బండిని కిందికి లాగే బలం దాని బరువులో పదో వంతు. టైరుకూ మంచుగడ్డకూ మధ్య గుణకం 0.1 కంటే తగ్గిన మరుక్షణం, నాలుగు చక్రాలూ బిగిసి ఉన్నా బండి నిలవదు. బ్రేకు తన పని పూర్తిగా చేసింది, చక్రాన్ని ఆపింది. చక్రం కింద నేలే పట్టు ఇవ్వలేదు. ఆ స్థితిలో చేతి బ్రేకు లాగినా, గేరులో వేసినా ఫలితం మారదు. బండి దిగి చేత్తో ఆపబోవడం, పల్లం వైపు నిలబడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఏబీఎస్, స్థిరత్వ నియంత్రణ, నాలుగు చక్రాల డ్రైవు

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక, దాని మీద అవసరానికి మించిన ధీమా పెరిగింది. ఏబీఎస్ పని చక్రం బిగిసిపోకుండా చూడటం. తిరుగుతున్న చక్రం స్టీరింగు మాట వింటుంది, బిగిసిన చక్రం వినదు. ఆగే దూరాన్ని తగ్గించడం దాని మొదటి లక్ష్యం కాదు. వదులు మంచు మీదైతే ఏబీఎస్ ఉన్నప్పుడు దూరం కొంత పెరగవచ్చు, ఎందుకంటే బిగిసిన చక్రం తన ముందు మంచును కుప్పగా పోగేసి అడ్డుకట్ట వేసుకుంటుంది, తిరిగే చక్రానికి ఆ వీలుండదు. 1995లో కార్లలోకి వచ్చిన స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ మరో అడుగు ముందుకు వెళ్లి, కారు స్టీరింగు చూపిన దిక్కున కాక వేరే దిక్కున తిరుగుతున్నట్టు గమనిస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సరిచేస్తుంది. ఇది గొప్ప రక్షణే. అయితే ఈ రెండూ ఉన్న పట్టును సర్దేవి, లేని పట్టును పుట్టించలేనివి.

ఆ సర్దుబాటు ఎందుకు అవసరమంటే, ఒక చక్రానికి దక్కే మొత్తం పట్టు పరిమితమైనది. ఆగడానికీ తిరగడానికీ అందులోనుంచే వాడుకోవాలి. పట్టు అంతా బ్రేకుకే ఖర్చైతే మలుపుకు మిగలదు. ముందు చక్రాలకు పట్టు ముందుగా అయిపోతే, స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగా పోతుంది. వెనక చక్రాలకు ముందుగా అయిపోతే తోక పక్కకు విసురుతుంది, కారు తనచుట్టూ తాను తిరుగుతుంది. మంచు మీద ఈ రెండోది సరిదిద్దడం కష్టం. ఇక్కడి నుంచే ఒక ముఖ్యమైన జాగ్రత్త వస్తుంది: రెండు చలికాలపు టైర్లే దొరికాయని వాటిని ముందు చక్రాలకు వేస్తే, ముందు భాగం రోడ్డును పట్టుకుంటుంది, వెనక భాగం పట్టుకోదు, చిన్న బ్రేకుకే బండి గిర్రున తిరుగుతుంది. అందుకే వేస్తే నాలుగూ వేయాలి.

నాలుగు చక్రాల డ్రైవు గురించి చెప్పుకోవాల్సింది తక్కువే. కదలడానికి, ఎగువకు ఎక్కడానికి అది ఎంతో ఉపయోగపడుతుంది. ఆగే విషయంలో దానికి అదనపు బలం దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉన్నాయి. తేలిగ్గా కదలడం వల్ల రోడ్డు బాగుందన్న భ్రమ కలిగి వేగం పెరగడమే దాని అసలు ప్రమాదం.

గొలుసులు, మేకులు, ఉప్పు

చక్రానికి చుట్టే ఇనుప గొలుసు మంచుగడ్డలోకి దిగి పట్టు ఇస్తుంది. ఇంజిన్ తిప్పే చక్రాలకు దాన్ని తప్పక వేయాలి, వేశాక గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు మించకూడదు, మంచు లేని తారు వచ్చిన వెంటనే తీసేయాలి. హిమాలయాల్లో మంచు ఎక్కువగా కురిసిన రోజుల్లో గొలుసుల్లేని వాహనాలను అధికారులు ముందుకు పోనివ్వకపోవడానికి కారణం ఇదే.

టైరులోకి చిన్న లోహపు మేకులు దింపే పద్ధతి ఉత్తర ఐరోపాలో ఉంది. మంచుగడ్డ మీద అవి బాగా పనిచేస్తాయి, మంచు లేనిచోట రోడ్డును తినేస్తాయి. పశ్చిమ జర్మనీ 1975లో వాటిని నిషేధించింది. జపాన్‌లో మేకుల టైర్లు తారును అరగదీసి లేపిన దుమ్ము పట్టణాల్లో ఆరోగ్య సమస్య కావడంతో 1990లో చట్టం వచ్చింది. మేకులు లేకుండానే మంచుగడ్డను పట్టుకునే టైర్ల పరిశోధన అక్కడ ఊపందుకోవడానికి ఈ ఇబ్బందే దారి తీసింది.

రోడ్డు మీద చల్లే ఉప్పు నీటి గడ్డకట్టే ఉష్ణోగ్రతను దించుతుంది. ప్రయోగశాలలో మైనస్ 21 దాకా దించగలిగినా, రోడ్డు మీద మైనస్ 10 దరిదాపులకు వచ్చేసరికి దాని పని మందగిస్తుంది. అంతకు మించిన చలిలో గరుకు కోసం ఇసుక చల్లడమే మేలు.

దారిలో తగ్గే గాలి

ఇక్కడి నుంచి బయలుదేరేవారు సాధారణంగా పట్టించుకోనిది టైరులో గాలి. 40 డిగ్రీల ఎండలో కర్నూలులో 33 పాయింట్లు పట్టించిన టైరు, ఒక్క చుక్క గాలి పోకపోయినా, సున్నా డిగ్రీల దగ్గర అదే ఎత్తులో అయితే 27 చూపిస్తుంది. గాలి చల్లబడితే కుంచించుకుపోవడమే కారణం. మనాలీ సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్నందున అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ. దాంతో మీటరు 30 దాకా చూపవచ్చు. అంటే చలి తగ్గించినదాన్ని ఎత్తు సగం మేర కప్పిపెడుతుంది. రాత్రంతా బయట నిలిపిన బండికి, ఇంకా నడపకముందే, తెల్లవారి గాలి చూసి కంపెనీ చెప్పిన అంకెకు సరిచేసుకోవాలి. గాలి తగ్గిస్తే మంచు మీద పట్టు పెరుగుతుందన్న మాట ఇసుకలో బండి నడిపినవారి అనుభవం నుంచి వచ్చింది. అణిగిన మంచు ఉన్న కొండ రోడ్డు మీద అది టైరు నడకను వదులు చేసి మలుపుల్లో స్థిరత్వాన్ని దెబ్బతీస్తుంది.

మన దారుల మీద ఇదే లెక్క

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. వానలు తక్కువ కాబట్టి జారుడు బెడద కూడా తక్కువని అనిపిస్తుంది. నిజానికి నెలల తరబడి ఎండిన రోడ్డు మీద దుమ్ము, వాహనాల నుంచి కారిన నూనె, అరిగిన రబ్బరు పొడి పేరుకుంటాయి. మొదటి జల్లు వాటిని కడిగేయలేదు, కలిపి జిగురు పొరగా మారుస్తుంది. గట్టి వాన అరగంట కురిస్తే రోడ్డు తేటపడుతుంది. ప్రమాదమంతా ఆ లోపు సమయంలోనే. ఆ పొర మీద గుణకం మంచుగడ్డ అంత కిందికి పోకపోయినా, పొడి రోడ్డు వేగానికి అలవాటుపడిన పాదం బ్రేకును ఆలస్యంగానే తొక్కుతుంది.

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలోని గువ్వలచెరువు ఘాటు తరచూ ప్రమాద వార్తల్లోకి వస్తుంటుంది. అక్కడ పల్లానికి దిగే లారీలకు వేడెక్కిన బ్రేకులు మొదటి శత్రువు. వాన పడితే తగ్గిన పట్టు రెండోది. కొండ దిగేటప్పుడు తక్కువ గేరులో వేసి ఇంజిన్ చేతనే బండి వేగాన్ని అదుపు చేయించడం రెండింటికీ మందే. మంచు రోడ్డు మీద కూడా ఇదే సూత్రం, అయితే అక్కడ గేరు తగ్గించడం కూడా మెల్లగా జరగాలి, ఎందుకంటే ఇంజిన్ ఒక్కసారిగా పట్టినా ముందో వెనకో ఒక జత చక్రాలు జారిపోతాయి. రీబటన్ చేయించిన, అంటే అరిగిన టైరుకు కొత్త బటన్ వేయించిన టైర్ల విషయంలో పాత పక్కగోడ వయసునూ చూడాలి; మన ఎండలకు రబ్బరు బటన్ అరగకముందే ఎండిపోయి బీటలు వారుతుంది, ఎండిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు.

అలాగని చలికాలపు టైర్లను ఇక్కడి బండ్లకు వేయించడం పరిష్కారం కాదు. కర్నూలు ఎండలో ఆ మెత్తని దిమ్మెలు అటూ ఇటూ ఊగి, పొడి రోడ్డు మీదే ఆగే దూరాన్ని పెంచుతాయి, వేసవి గడిచేలోపు బటన్ బాగా అరిగిపోతుంది. మంచు దాకా వెళ్లదలచినవారు తమ కారును కొండ దిగువ పట్టణంలో నిలిపి, అక్కడి రోడ్లు తెలిసిన డ్రైవరున్న, గొలుసులు వేసిన స్థానిక వాహనం మాట్లాడుకోవడమే మేలు. సొంత కారే తప్పదనుకుంటే, దాని చక్రాల కొలతకు సరిపోయే గొలుసులు వెంట ఉంచుకోవాలి. వాటిని చక్రానికి ఎక్కించడం ఇంటి దగ్గరే, పొడి నేల మీద, చేతులు వెచ్చగా ఉన్నప్పుడు ఒకసారి చేసి చూసుకోవాలి.